మోకాలెత్తు

గుణుపురం, స్టేషను వెనక వీధి.
ముందు వాటాలో పదకొండేళ్ళూ పెళ్ళికాని కుర్రాళ్ళే ఉన్నారు,
బ్యాంకు గుమాస్తాలు, మందుల కంపెనీవాళ్ళు.
వాళ్ళకి ఇల్లంటే
చొక్కా తగిలించడానికో మేకు,
ఛార్జరు గుచ్చడానికో కన్నం.
ఆ మేకులు ఎన్నో నేనెప్పుడూ లెక్కపెట్టలేదు.

మినతి ఫోను చేసింది.
ఆసుపత్రిలో నర్సు, ఊరు సెరంగో అవతలి కొండల్లో.
అద్దె ఎంతని అడగలేదు,
కరెంటు మీటరు వేరా అని అడగలేదు.
ఒడియాలో మొదలెట్టి తెలుగులో ముగించింది:
"మాఉసీ, నూతికి మూత ఉందా?"

ఉందన్నాను.
ఫోను పెట్టేశాక వెళ్ళి చూశాను.
తగరపు రేకు, ఓ మూల తుప్పు తినేసిన సందు.
రోజూ పిల్లి దూరి తొంగిచూసే సందే.
పిల్లి పట్టినచోట పిల్ల పట్టదా?

ఆ రాత్రి వీధి తలుపేసుకుని
అరవైరెండేళ్ళ మోకాళ్ళ మీద వంగాను.
కుచ్చిళ్ళు బొడ్లో దోపి, టార్చి పళ్ళతో కరుచుకుని
గది గదీ పాకాను.
ఎవరైనా చూసుంటే
ఈవిడకేదో పట్టిందనేవారు.

కిందనుంచి చూస్తే ఈ ఇల్లు నాది కాదు.
బల్ల అడుగున సగం విరిగిన బ్లేడు,
ఎవడో అంటించి మరిచిపోయిన జిగురు మిఠాయి.
మంచం కోడు పక్కన స్విచ్చి బోర్డు
మూడు కళ్ళూ తెరుచుకుని
వేలు పెట్టమని పిలుస్తోంది.
దొడ్లో కూల్ డ్రింకు సీసా నిండా ఫినాయిలు,
పోసింది నేనే, ఈ చేత్తోనే.
అలమార కింద ఎలకల మందు కలిపిన పిండి ఉండ.
ఎంత ముద్దుగా ఉందో,
అచ్చం సున్నుండ.

అక్కడే కూలబడ్డాను కాసేపు.

మా చెల్లి సంగతి నేనెవరికీ చెప్పను.
కుడితి గోలెం. అడుగున జానెడు నీళ్ళు.
అమ్మ డాబా మీద వడియాలు తిరగేసి వచ్చేంత సేపు.
అంతే.

పొద్దున్నే గవరయ్య మేస్త్రిని పిలిచాను.
నూతికి ఇనప జాలీ, దానికో తాళం.
మెట్లకి కటకటాలు.
ఎంతెంత ఎడం పెట్టమంటావని అతను టేపు తీశాడు,
నేను చెంబు తీశాను.
"ఇది దూరకూడదు" అన్నాను.
"చెంబేటి, అత్తా?"
"చెంబు కాదురా, తల."

రెండు నెల్ల అద్దె దీనికే పోతుందని గొణిగాడు.
పోనీ గడప కూడా కొట్టేద్దామా, చదునుగా ఉంటుంది, అన్నాడు.
వద్దన్నాను.
తట్టుకుని పడే చోటు ఒక్కటైనా ఉండాలి ఇంట్లో,
బెత్తెడు ఎత్తున,
ఏడిస్తే వినపడేంత దగ్గరలో.

శనివారం ఆటోలో దిగారు,
నాలుగు ట్రంకులు, ఒక సైకిలు, ఇద్దరు పిల్లలు.
మినతి సామాను దించకుండానే పెరట్లోకి నడిచింది.
జాలీని రెండు చేతుల్తో అదిమింది,
చాలక, ఎక్కి నిలబడింది.
దిగి నా వైపు చూసింది,
ఏమీ అనలేదు.
పెద్దది కటకటాల్లోంచి తల పెట్టబోయి
చెవుల దగ్గర ఆగిపోయి, నవ్వింది.

చిన్నోణ్ణి నేల మీద వదిలారు. పేరు టుకునా.
మూత పెట్టిన స్విచ్చిల్ని చూడలేదు,
గుడ్డ చుట్టిన బల్ల మూలల్ని చూడలేదు.
బరబరా పాక్కుంటూ పోయి
తలుపు వెనక, నేను రెండుసార్లు తడిమిన చోటే,
గోడకి ఉబ్బిన సున్నం పెచ్చు ఊడబీకి
నోట్లో వేసుకున్నాడు.

మినతి నాతో పాలవాడి గురించి మాట్లాడుతూనే,
మాట ఆపకుండానే,
వేలు పెట్టి తీసి పారేసింది.

నేను గవరయ్యకి ఫోను కలిపాను.
"మళ్ళీ ఏటత్తా?"
"గోడ, గీకి కొత్త పూత వెయ్యాలి."
"ఏ గోడ?"
"అన్నీ.
మోకాలెత్తు వరకూ."